నమూనా రైలుమార్గం – పట్టాలు, విద్యుత్ అమరిక

నమూనా రైలుమార్గం అనగా నిజమైన రైలుమార్గాన్ని ఒక నిర్ణీత నిష్పత్తిలో చిన్నది చేసి, బల్లపై నిర్మించి, దానిపై విద్యుత్తుతో చిన్న రైళ్లను నడిపే ఏర్పాటు. కొందరికి ఇది కాలక్షేపం, కొందరికి చేతిపని. రైల్వే శిక్షణ సంస్థలలో మాత్రం ఇది పాఠ్యోపకరణం. పాఠశాల విద్యార్థులకు విద్యుత్ వలయాలు, నిష్పత్తులు, వ్యాకోచం, వాలు వంటి విషయాలను ఒకే చోట చూపగల సాధనం కూడా ఇదే.

నమూనా రైలు పట్టాలు రెండు పనులు చేస్తాయి. అవి చక్రాలకు దారి, మోటారుకు తీగ. కుడి పట్టా ఒక ధ్రువం, ఎడమ పట్టా మరొక ధ్రువం. అందువలన పట్టాలు పరచడం, తీగలు కలపడం వేర్వేరు పనులు కావు. ప్రతి అతుకు వద్ద, ప్రతి పాయింటు వద్ద రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి: చక్రం సాఫీగా దాటుతుందా? విద్యుత్తు చేరవలసిన చోటికే చేరుతుందా? ఈ వ్యాసంలో ఆ రెండు పనులను కలిపి వివరించడమైనది.

చరిత్ర

జర్మనీకి చెందిన మార్‌క్లిన్ సంస్థ 1891లో లీప్జిగ్ సంతలో గేజి కొలతలు నిర్ణయించిన బొమ్మ రైలుమార్గాన్ని ప్రదర్శించింది. అంతకుముందు బొమ్మ రైలు కొన్నవారికి తరువాత కొన్న పెట్టె గాని, పట్టా గాని దానితో కలుస్తుందన్న నమ్మకం ఉండేది కాదు. కొలతలు స్థిరపడడంతో కొద్దికొద్దిగా పెంచుకోగల మార్గం సాధ్యమైంది. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ (ఎన్‌ఎంఆర్‌ఏ) చక్రాలు, పట్టాలు, విద్యుత్ ధ్రువత్వం మొదలగు వాటికి ప్రమాణాలు రూపొందించింది. హాంబర్గ్ నగరంలో 2001లో ప్రారంభమైన మినియేచర్ వండర్‌ల్యాండ్ ఈ రంగంలో ప్రపంచ ప్రసిద్ధమైనది. భారతదేశంలో పూణె నగరంలో భావూసాహెబ్ జోషి నెలకొల్పిన సూక్ష్మ రైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి సందర్శకులకు అందుబాటులో ఉన్నది.

నిష్పత్తి, గేజి

నిజమైన వస్తువు పొడవుకు, నమూనా పొడవుకు గల సంబంధాన్ని నిష్పత్తి అంటారు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. వాడుకలో ఉన్న ముఖ్యమైన కొలతలు ఇవి:

- హెచ్‌ఓ: నిష్పత్తి 1:87, గేజి 16.5 మి.మీ. ప్రపంచంలో అధికంగా వాడబడేది.
- ఓఓ: నిష్పత్తి 1:76, గేజి 16.5 మి.మీ. బ్రిటన్‌లో ప్రచారంలో ఉన్నది.
- ఎన్: నిష్పత్తి 1:160, గేజి 9 మి.మీ. స్థలం తక్కువగా ఉన్నవారికి అనువైనది.
- హెచ్‌ఓఎం: నిష్పత్తి 1:87, గేజి 12 మి.మీ. మీటరు గేజి రైళ్ల నమూనాలకు వాడతారు.

1435 మి.మీ. స్టాండర్డు గేజిని 87తో భాగిస్తే 16.5 వస్తుంది. భారతదేశపు బ్రాడ్ గేజి 1676 మి.మీ. దానిని 87తో భాగిస్తే 19.3 మి.మీ. రావాలి. కాని 19.3 మి.మీ. పట్టాలు బజారులో దొరకవు గనుక, భారతీయ రైళ్ల నమూనాలు కూడా సాధారణంగా 16.5 మి.మీ. పట్టాలపైనే నడుస్తాయి. అందుచేత బండి వెడల్పుతో పోలిస్తే పట్టాలు కొంత దగ్గరగా కనిపిస్తాయి. మీటరు గేజి విషయంలో ఈ ఇబ్బంది దాదాపు లేదు. 1000 మి.మీ.ని 87తో భాగిస్తే 11.5 మి.మీ. వస్తుంది, 12 మి.మీ. పట్టా దానికి చాలా దగ్గర. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో, సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడు వరకు వేసిన హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గం మీటరు గేజిదే. ఆ కాలపు రైలును నమూనాగా చేయదలచినవారికి హెచ్‌ఓఎం సరిపోతుంది.

దూరాలను మాత్రం నిష్పత్తి ప్రకారం తగ్గించడం సాధ్యం కాదు. జక్రాన్‌పల్లి, ఆర్మూరు ప్రాంతాల వారికి పరిచయమైన పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాదు మార్గాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 1993లో మంజూరై, 2017లో పూర్తయిన ఈ మార్గం పొడవు సుమారు 178 కిలోమీటర్లు. దీనిని 1:87లో తగ్గించినా రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కాబట్టి నమూనాలో ఒకటి రెండు స్టేషన్లను ఎన్నుకొని, మధ్య దూరాన్ని కుదించడం తప్పనిసరి.

బల్ల, గట్టు

పట్టాలు ఎంత బాగా పరచినా కింద ఉన్న బల్ల కదిలితే ఫలితం ఉండదు. 12 మి.మీ. ప్లైవుడ్ షీటును చెక్క చట్రంపై బిగించడం సాధారణ పద్ధతి. చట్రపు అడ్డకర్రలు 40 సెం.మీ.కు ఒకటి చొప్పున ఉంటే బల్ల మధ్యలో కుంగదు. మామూలు చెక్క వానాకాలంలో తేమను పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో కుదించుకుపోతుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డదిడ్డంగా అతికి ఉండటం వలన ఈ మార్పు తక్కువ. రెండు వైపులా రంగు గాని, వార్నిష్ గాని వేస్తే తేమ ప్రవేశం ఇంకా తగ్గుతుంది.

బల్లపై నేరుగా పట్టాలు వేస్తే శబ్దం ఎక్కువగా వస్తుంది. అందుకని 3 నుండి 5 మి.మీ. మందం గల కార్కు పట్టీని గాని, ఫోమ్ షీటును గాని మార్గం వెంబడి అతికిస్తారు. ఇది నిజమైన మార్గంలోని గట్టుకు ప్రతిరూపం. బల్ల కింద తీగలు వెళ్లడానికి రంధ్రాలు, స్విచ్చుల స్థానాలు పట్టాలు వేయకముందే గుర్తించుకోవాలి. పట్టాలు అతికించిన తరువాత రంధ్రాలు వేస్తే రంపపు పొట్టు, కదలిక రెండూ సమస్యలవుతాయి.

పట్టాలు పరచడం

పట్టాలు రెండు రకాలు. మొదటిది నిర్ణీత పొడవు, వంపు గల ముక్కలు. వీటిని పిల్లలు కూడా కలపగలరు. రెండవది సుమారు 90 సెం.మీ. పొడవుండి కావలసిన విధంగా వంచుకోగల ఫ్లెక్సిబుల్ పట్టా. దీనితో అతుకులు తగ్గుతాయి, వంపు సహజంగా ఉంటుంది. కాని వంచినప్పుడు లోపలి పట్టా బయటికి పొడుచుకు వస్తుంది గనుక దానిని సరిగా కత్తిరించి, అంచును ఆకురాయితో నునుపు చేయాలి.

ముందుగా కాగితంపై అసలు కొలతలతో గీసిన పటాన్ని బల్లపై పరచి, మార్గపు మధ్య రేఖను గుర్తించాలి. పాయింట్లను మొదట అమర్చి, వాటి నుండి రెండు వైపులా పట్టాలు కలుపుకుంటూ పోవడం మంచిది. పాయింటు రూపం మారదు, మామూలు పట్టాను మాత్రం సర్దుబాటు చేయవచ్చు.

వంపులు: భారతీయ బ్రాడ్ గేజిలో అనుమతించే అతి తీవ్రమైన వంపు 10 డిగ్రీలది, అనగా 175 మీటర్ల వ్యాసార్ధం. 1:87లో ఇది రెండు మీటర్లు. నమూనాలలో విరివిగా వాడే 438 మి.మీ. వ్యాసార్ధపు వంపును 87తో గుణిస్తే 38 మీటర్లు మాత్రమే. ఇంత తీవ్రమైన వంపులో నిజమైన రైలు నడవదు. చక్రాల అంచులు ఎత్తుగా ఉండటం, పెట్టెల మధ్య కొక్కేలు వదులుగా ఉండటం వలన నమూనా రైలు నడవగలుగుతుంది. స్థలం ఉన్నంతలో వ్యాసార్ధం పెంచడమే మేలు. కుడి వంపు నుండి వెంటనే ఎడమ వంపుకు తిప్పకుండా, మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు నేరు పట్టా ఉంచాలి.

పక్కపక్కన మార్గాలు: బ్రాడ్ గేజిలో కొత్త జంట మార్గాల మధ్య రేఖల దూరం 5.3 మీటర్లు. 1:87లో ఇది 61 మి.మీ. వంపులలో పొడవైన పెట్టెల మధ్య భాగం లోపలికి, మూలలు బయటికి జరుగుతాయి గనుక అక్కడ ఇంకా ఎక్కువ దూరం కావాలి. రెండు పొడవైన పెట్టెలను ఎదురెదురుగా తోసి చూసిన తరువాతనే పట్టాలను స్థిరపరచాలి.

వాలు: ఒక మార్గం మరొక దానిపై నుండి దాటాలంటే హెచ్‌ఓలో సుమారు 70 మి.మీ. ఎత్తు కావాలి. 40 మి.మీ.కు 1 మి.మీ. చొప్పున ఎక్కితే ఇందుకు 2.8 మీటర్ల పొడవు పడుతుంది. దిగడానికి మళ్లీ అంతే. చిన్న బల్లపై దీనిని ప్రయత్నించకపోవడం మంచిది.

అతుకులు: రెండు పట్టాలను కలిపే చిన్న లోహపు ముక్క ఫిష్‌ప్లేటు. వ్రేలితో తడిమితే అతుకు వద్ద మెట్టు తగలకూడదు. నమూనా పట్టాలు సాధారణంగా నికెల్ సిల్వర్ అనే మిశ్రలోహంతో చేయబడతాయి. ఒక మీటరు పట్టా 30 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. నిజామాబాదు ప్రాంతంలో శీతాకాలపు ఉదయానికి, మే నెల మధ్యాహ్నానికి అంత తేడా ఉంటుంది. కాబట్టి చలికాలంలో పట్టాలు వేసేవారు అతుకుల వద్ద సన్నని ఖాళీ వదలాలి. లేనియెడల వేసవిలో పట్టా పక్కకు వంగి రైలు పడిపోతుంది. 13 మీటర్ల నిజమైన ఉక్కు పట్టా ఇదే తేడాకు సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది.

కంకర: నిజమైన మార్గంలో కంకర రాళ్లు గరిష్ఠంగా 65 మి.మీ. ఉంటాయి. 1:87లో ఇది ముప్పావు మిల్లీమీటరు, అనగా ఇంచుమించు ఉప్మా రవ్వ పరిమాణం. జల్లించిన ఇసుకను వాడవచ్చు. అయితే నది ఇసుకలో నల్లని ఇనుప ఖనిజపు రేణువులు ఉంటాయి. ఇవి ఇంజను మోటారులోని అయస్కాంతానికి అంటుకొని దానిని పాడుచేస్తాయి. కాగితంపై ఇసుక పోసి, కింద అయస్కాంతాన్ని తిప్పి పరీక్షించాలి. రేణువులు కదిలితే వాటిని ఏరివేయాలి, లేదా ఆ ఇసుకను మానుకోవాలి. కంకరను ఫెవికాల్ కలిపిన నీటితో అతికిస్తారు. తడిగా ఉన్నంతసేపు అది కొంత విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనుక పూర్తిగా ఆరిన తరువాతనే రైలు నడపాలి. విద్యుత్ పరీక్షలన్నీ ముగిసిన తరువాతనే కంకర పోయాలి.

పాయింట్లు

ఒక మార్గం నుండి మరొక మార్గానికి రైలును మళ్లించే అమరిక పాయింటు. దీనిలో కదిలే రెండు సన్నని నాలుకలు, రెండు పట్టాలు ఒకదానినొకటి దాటే క్రాసింగు అనే ముక్కోణపు భాగం ఉంటాయి. పాయింటు వాలును నిష్పత్తిగా చెబుతారు. భారతీయ రైల్వేలలో 1:8.5, 1:12 పాయింట్లు సాధారణం. రెండవ అంకె పెరిగేకొద్దీ మలుపు సాఫీగా ఉంటుంది, పొడవు పెరుగుతుంది.

విద్యుత్ దృష్ట్యా క్రాసింగు భాగమే చిక్కు. రైలు నేరుగా పోయేటప్పుడు ఆ ముక్క ఒక ధ్రువానికి, పక్కకు మళ్లేటప్పుడు రెండవ ధ్రువానికి చెందాలి. దీనికి రెండు పరిష్కారాలున్నాయి. ఒకటి, ఆ ముక్కను ప్లాస్టిక్‌తో చేసి విద్యుత్తు లేకుండా వదలడం. ఇది సులభం గాని, చిన్న ఇంజన్లు నెమ్మదిగా దాటేటప్పుడు అక్కడ ఆగిపోతాయి. రెండవది, లోహపు ముక్కనే ఉంచి, నాలుకలతో పాటు కదిలే ఒక స్విచ్చు ద్వారా దాని ధ్రువాన్ని మార్చడం. ఈ పద్ధతిలో ఇంజను ఆగదు. కాని క్రాసింగు తరువాతి రెండు లోపలి పట్టాలలో ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు వేయడం మరచిపోతే షార్ట్ సర్క్యూట్ అగును.

విద్యుత్ అమరిక

మూల సూత్రం

సాధారణ పద్ధతిలో పట్టాలకు 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు ఇస్తారు. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది, ధ్రువాలు తారుమారు చేస్తే దిశ మారుతుంది. ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణం ప్రకారం ఇంజను ముఖం ఉన్న దిశకు కుడివైపు పట్టా ధనధ్రువమైతే ఇంజను ముందుకు పోతుంది. ఇంజనును చేతితో ఎత్తి ముఖం తిప్పి పెట్టినా అది మునుపటి దిక్కుకే పోతుంది. ముఖం తిరిగినప్పుడే దాని కుడిఎడమలు కూడా మారిపోవడమే దీనికి కారణం. విద్యార్థుల చేత ముందు ఊహింపజేసి, తరువాత చేయించదగిన ప్రయోగమిది.

పెట్టెల చక్రాలు లోహపువైతే, వాటిలో ఒక వైపు చక్రానికి, ఇరుసుకు మధ్య ప్లాస్టిక్ బంధకం ఉంటుంది. లేకపోతే ఇరుసు రెండు పట్టాలను కలిపివేస్తుంది.

సరఫరా తీగలు

చిన్న గుండ్రని మార్గానికి ఒక చోట రెండు తీగలు కలిపితే రైలు నడుస్తుంది. మార్గం పెరిగేకొద్దీ దూరంగా ఉన్న చోట వేగం తగ్గడం కనిపిస్తుంది. నికెల్ సిల్వర్ నిరోధం రాగికంటే పది రెట్లకు పైగా ఎక్కువ. పైగా ప్రతి ఫిష్‌ప్లేటు కాలక్రమేణా వదులై, మకిలి పట్టి కొంత నిరోధాన్ని చేరుస్తుంది. అందువలన పట్టాలను తీగలుగా నమ్మకుండా, బల్ల కింద రెండు లావుపాటి రాగి తీగలను మార్గం పొడవునా నడపాలి. ఇవి ప్రధాన తీగలు. వీటి నుండి ప్రతి మీటరుకు ఒక జత సన్నని తీగలను పైకి తెచ్చి పట్టాలకు టంకం వేయాలి.

ఇళ్లలో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ప్రధాన తీగకు సరిపోతుంది. 5 మీటర్ల దూరానికి రానుపోను 10 మీటర్ల తీగలో దీని నిరోధం సుమారు 0.12 ఓము. ఒక ఆంపియరు ప్రవహిస్తే 0.12 వోల్టు మాత్రమే తగ్గుతుంది. అదే 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగ అయితే దాదాపు 0.9 వోల్టు తగ్గుతుంది. పైకి వచ్చే చిన్న తీగలు 15 సెం.మీ.కు మించకుంటే సన్నగా ఉన్నా ఇబ్బంది లేదు.

కుడి పట్టాకు ఎరుపు, ఎడమ పట్టాకు నలుపు తీగ అని ఒక నియమం పెట్టుకొని చివరివరకు పాటించాలి. గుండ్రని మార్గంలో 'కుడి' అన్న మాట గందరగోళం కలిగిస్తుంది గనుక 'బయటి పట్టా ఎరుపు, లోపలి పట్టా నలుపు' అనుకోవడం మేలు. ప్రతి తీగ చివర అంకె వ్రాసిన చీటీ అతికించి, ఆ అంకెలను పటంలో గుర్తించాలి.

టంకం వేసేటప్పుడు పట్టా వెలుపలి పక్కను ఆకురాయితో గీకి, రోజిన్ పూసి, బాగా వేడెక్కిన కడ్డీతో రెండు మూడు క్షణాలలో ముగించాలి. ఆలస్యమైతే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. అతుకుకు రెండు వైపులా తడి గుడ్డ ఉంచితే వేడి పాకదు. టంకం పట్టా లోపలి పక్కకు చేరకూడదు, అక్కడ చక్రపు అంచు తగులుతుంది.

విభాగాలు

ఒకే మార్గంలో రెండు ఇంజన్లు ఉంటే, సాధారణ పద్ధతిలో రెండూ ఒకేసారి కదులుతాయి. ఒకదానిని ఆపి మరొకదానిని నడపడానికి మార్గాన్ని విభాగాలుగా చేస్తారు. విభాగం హద్దులో ఒక పట్టాలో ప్లాస్టిక్ ఫిష్‌ప్లేటు వేసి, ఆ విభాగపు సరఫరా తీగకు స్విచ్చు పెడతారు. స్టేషనులోని ప్రతి లైను, ప్రతి సైడింగు ఒక్కొక్క విభాగంగా ఉండాలి.

తిరుగు వలయం

బయలుదేరిన రైలు వలయం చుట్టి, అదే పట్టాపైకి ఎదురు దిశలో వచ్చే అమరికను తిరుగు వలయం అంటారు. పటంలో చూస్తే ఇందులో దోషమేమీ కనబడదు. కాని కుడి పట్టాను వ్రేలితో అనుసరిస్తూ పోతే అది చుట్టి వచ్చి ఎడమ పట్టాను కలుస్తుంది. అనగా ధనధ్రువం, ఋణధ్రువం నేరుగా కలిసిపోతాయి. త్రిభుజాకారపు కూడలిలోను ఇదే జరుగుతుంది. పరిష్కారం: వలయానికి రెండు చివరల రెండు పట్టాలలోను ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు వేసి, వలయాన్ని రైలు పొడవుకు మించిన ప్రత్యేక విభాగంగా చేయాలి. దానికి ధ్రువాలు మార్చే స్విచ్చు ద్వారా సరఫరా ఇవ్వాలి. రైలు పూర్తిగా వలయంలో ఉన్నప్పుడు ప్రధాన మార్గపు ధ్రువాన్ని మార్చి, బయటికి నడపాలి. పటం గీసిన వెంటనే ఎరుపు, నీలం పెన్సిళ్లతో రెండు పట్టాలకు రంగులు వేస్తే ఈ లోపం కాగితంపైనే బయటపడుతుంది.

డిజిటల్ పద్ధతి

1990ల నుండి ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణంగా ఉన్న డిజిటల్ పద్ధతిలో పట్టాలకు ఎల్లప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. ఆదేశాలు అదే విద్యుత్తులో సంకేతాలుగా వెళ్తాయి. ప్రతి ఇంజనుకు ఒక సంఖ్య, లోపల ఆ సంఖ్యకు వచ్చిన ఆదేశాన్ని గ్రహించే డీకోడరు ఉంటాయి. రెండు ఇంజన్లు ఒకే పట్టాపై వేర్వేరు వేగాలతో నడపవచ్చు. విభాగాల స్విచ్చులు తగ్గుతాయి గాని, ప్రధాన తీగలు, సరఫరా తీగల అవసరం తగ్గదు, పెరుగుతుంది.

భద్రత

పట్టాలు చేతికి అందే లోహపు తీగలు. కాబట్టి ఇంటి 230 వోల్టుల విద్యుత్తు ఏ పరిస్థితిలోను వాటి దరికి రాకూడదు. ఐఎస్‌ఐ ముద్ర గల, పూర్తిగా మూసి ఉన్న 12 వోల్టుల అడాప్టరునే వాడాలి. ట్రాన్స్‌ఫార్మరును విప్పి సొంతంగా తీగలు కలపడం విద్యార్థులు చేయరాదు. బల్ల కింద తక్కువ వోల్టేజి తీగలను, ఇంటి విద్యుత్ తీగలను ఒకే గొట్టంలో నడపరాదు.

12 వోల్టులు మనిషికి హాని చేయకపోయినా నిప్పు పుట్టించగలవు. డిజిటల్ పరికరం ఒకటి 14 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు ఇస్తే అది 70 వాట్లు. పడిపోయిన చక్రం వద్ద ఈ శక్తి అంతా ఒకే బిందువులో వేడిగా మారుతుంది. దీనిని నివారించే రక్షణ స్విచ్చు పరికరంలోనే ఉంటుంది గాని, తీగలు సన్నగా ఉంటే షార్ట్ సర్క్యూట్ సమయంలో కూడా తగినంత ప్రవాహం రాక ఆ స్విచ్చు పడదు. అందువలన నాణెం పరీక్ష చేయాలి. మార్గంలో ప్రతి మీటరుకు ఒక చోట రూపాయి బిళ్లను రెండు పట్టాలపై అడ్డంగా ఒక్క క్షణం ఉంచి తీయాలి. ప్రతి చోట సరఫరా వెంటనే ఆగిపోవాలి. ఆగని చోట మరొక జత తీగలు చేర్చాలి. ఈ పరీక్ష రక్షణ స్విచ్చు గల పరికరంతో మాత్రమే చేయాలి.

టంకపు తీగలో సీసం ఉంటుంది. గాలి వచ్చే గదిలో పని చేసి, తరువాత చేతులు కడుగుకోవాలి.

నిజమైన రైలుమార్గంలో పట్టాల విద్యుత్తు

నిజమైన పట్టాలలో కూడా విద్యుత్తు ప్రవహిస్తుంది. విద్యుత్ రైళ్లకు 25,000 వోల్టుల సరఫరా పైతీగ నుండి వస్తుంది. తిరుగు ప్రవాహానికి పట్టాలే దారి. ఇది గాక, రైలు ఉనికిని తెలిపే ట్రాక్ సర్క్యూట్ ఉన్నది. దీనిని 1872లో అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ రూపొందించాడు. బంధక అతుకులతో వేరు చేసిన పట్టాల భాగానికి ఒక చివర కొద్ది వోల్టుల సరఫరా, మరొక చివర రిలే ఉంటాయి. రైలు లేనప్పుడు పట్టాల గుండా వెళ్లిన విద్యుత్తు రిలేను పట్టి ఉంచుతుంది. రైలు రాగానే దాని చక్రాలు, ఇరుసు రెండు పట్టాలను కలిపివేస్తాయి. రిలేకు విద్యుత్తు అందదు, అది విడిపోయి సిగ్నలును ఎరుపు చేస్తుంది.

నమూనాలో ఇరుసు పట్టాలను కలపడం దోషం, ఇక్కడ అదే ఉపయోగం. ఇందులోని విశేషమేమంటే, తీగ తెగినా, సరఫరా పోయినా రిలే విడిపోయి ఎరుపే వస్తుంది. చాలావరకు పట్టా విరిగినప్పుడూ అంతే. ఏ లోపం వచ్చినా రైలు ఆగాలి గాని ముందుకు పోరాదన్నది సిగ్నలు విద్యకు పునాది. ఇటీవలి కాలంలో అనేక చోట్ల ట్రాక్ సర్క్యూట్లకు బదులుగా ఇరుసులను లెక్కించే యాక్సిల్ కౌంటర్లు వాడుతున్నారు.

తీగల విషయంలో అశ్రద్ధ ఎంతటి విషాదానికి దారితీయగలదో 2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనాగ బజార్ స్టేషను వద్ద కనబడింది. చెన్నై వైపు వస్తున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గపు సిగ్నలు లభించగా, పాయింటు లూప్ లైనుకు మళ్లి ఉన్నది. రైలు లూప్ లైనులో నిలిచి ఉన్న గూడ్సు రైలును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నలు సర్క్యూట్లలో చేసిన మార్పులలోని లోపాలు ఇందుకు కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలింది. తీగకు చీటీ, పటంలో గుర్తు, మార్పు చేసిన ప్రతిసారి అన్ని మార్గాల పరీక్ష అనే మూడు అలవాట్లు నమూనాలో చిన్నవిగా తోచినా, పెద్ద రైల్వేలో ప్రాణాలకు సంబంధించినవి.

ఈ అలవాట్లు నేర్పడానికే రైల్వే శిక్షణ సంస్థలలో మోడల్ రూములు ఉంటాయి. స్టేషన్లు, సిగ్నళ్లు, పాయింట్లతో కూడిన నమూనా మార్గంపై స్టేషన్ మాస్టర్లు రైళ్లను పంపడం, స్వీకరించడం అభ్యసిస్తారు. సికింద్రాబాదులో 1957లో ఏర్పడిన ఇరిసెట్ అనే సంస్థ భారతీయ రైల్వేల సిగ్నలు, టెలికాం ఇంజనీర్లకు శిక్షణ ఇస్తుంది. మౌలాలిలో దక్షిణ మధ్య రైల్వే వారి జోనల్ శిక్షణ సంస్థ ఉన్నది.

ఒక ఉదాహరణ

పాఠశాల విజ్ఞాన ప్రదర్శనకు అనువైన చిన్న మార్గం ఇది. కొలతలు హెచ్‌ఓలో ఇవ్వబడినవి.

- బల్ల: 2.4 మీ. × 1.2 మీ. (ఒక ప్లైవుడ్ షీటు).
- ప్రధాన మార్గం: 438 మి.మీ. వ్యాసార్ధపు వంపులు, ఒక్కొక్కటి 1.3 మీ. గల రెండు నేరు భాగాలు. మొత్తం పొడవు సుమారు 5.35 మీ.
- స్టేషను: ఒక నేరు భాగంలో రెండు పాయింట్లతో లూప్ లైను, ఒక పాయింటుతో సరుకుల సైడింగు.
- విభాగాలు: ప్రధాన మార్గపు స్టేషను భాగం, మిగిలిన మార్గం, లూప్, సైడింగు – మొత్తం నాలుగు.
- సరఫరా తీగలు: ప్రధాన మార్గానికి ఆరు జతలు, లూప్‌కు, సైడింగుకు ఒక్కొక్క జత.

సుమారు 22.3 మీటర్ల పొడవు గల ఐసీఎఫ్ పెట్టె 1:87లో 25.6 సెం.మీ. ఉంటుంది. 17.1 మీటర్ల డబ్ల్యూడీఎం–2 డీజిల్ ఇంజను 19.7 సెం.మీ. కాబట్టి ఇంజను, నాలుగు పెట్టెలు కలిసి 1.22 మీ. ఇది నేరు భాగం పొడవుకు సరిపోయినా, పాయింట్లకు కూడా స్థలం కావాలి గనుక లూప్‌లో రెండు పెట్టెల రైలునే నిలపాలి.

గంటకు 50 కి.మీ. వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు 16 సెం.మీ. ఈ లెక్కన రైలు ఒక చుట్టు తిరగడానికి సుమారు 33 సెకన్లు పట్టాలి. 10 సెకన్లలో తిరిగితే అది గంటకు 160 కి.మీ.కు పైగా వేగంతో పోతున్నట్లు లెక్క. గడియారంతో ఈ లెక్క సరిచూడడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

లోపాలు, పరీక్షలు

- రైలు ఒకే చోట పడిపోతుంది: అతుకులో మెట్టు, గేజి తేడా, లేదా వంపులో విరుపు. చక్రాల జతను చేతితో నెమ్మదిగా నడిపి చూడాలి.
- ఒకే పెట్టె అన్ని చోట్లా పడిపోతుంది: లోపం పట్టాలో లేదు, ఆ పెట్టె చక్రాలలో ఉన్నది.
- ఇంజను ఒక చోట ఆగి, తడితే కదులుతుంది: పట్టాపై మకిలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. పసుపు ఎండబెట్టి పాలిష్ పట్టే రోజులలో ధూళి ఎక్కువగా ఉంటుంది గనుక, మార్గాన్ని గుడ్డతో కప్పి ఉంచడం మంచిది.
- దూరంగా పోయేకొద్దీ వేగం తగ్గుతుంది: సరఫరా తీగలు చాలవు, లేదా ఫిష్‌ప్లేట్లు వదులయ్యాయి.
- సరఫరా ఇవ్వగానే రక్షణ స్విచ్చు పడుతుంది: షార్ట్ సర్క్యూట్. రైళ్లన్నీ తీసివేసి, విభాగాలను సగం సగంగా విడదీస్తూ మల్టీమీటరుతో చూడాలి. దోషమున్న సగాన్ని మళ్లీ సగం చేయాలి. పదహారు విభాగాలున్నా నాలుగు పరీక్షలలో చోటు తెలుస్తుంది.
- పాయింటు మార్చినప్పుడే స్విచ్చు పడుతుంది: క్రాసింగు ధ్రువం తప్పు, లేదా దాని తరువాత బంధక అతుకు లేదు.

ఏ మార్పు చేసినా, మార్చిన భాగాన్ని మాత్రమే గాక అన్ని పాయింట్లను రెండు స్థితులలోను ఉంచి, ప్రతి మార్గంలో ఒక ఇంజనును రెండు దిశలలో నడిపి చూడాలి. ఆ తరువాతనే పటంలో మార్పును నమోదు చేసి తేదీ వేయాలి.

ఇవి కూడా చూడండి

- దక్షిణ మధ్య రైల్వే
- పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గం
- మీటరు గేజి
- ఓం నియమం
- జక్రాన్‌పల్లి